పెద్ద ట్రాన్స్‌పోర్ట్ కంపెనీల కొత్త డ్రైవర్‌గా చేరొచ్చా?

తమ్మీ, నువ్వు అడిగింది ముందుగాల ఒకసారి చెప్త, చదివేటోళ్లకు కూడ అర్థమైతది. నీకు 23 ఏండ్లు, దేవరకొండ దగ్గర ఊరు, రెండేండ్ల సంది మీ మేనమామ డీసీఎం నడుపుతున్నవ్, మొన్ననే హెవీ లైసెన్స్ చేతికొచ్చింది. శంషాబాద్ కాడ ఒక పెద్ద కంటైనర్ల కంపెనీ వాళ్లు సోమవారం రమ్మన్నరు. ఇటు వాడపల్లి కాడ తెలిసిన సేటు సిమెంట్ లారీ మీదికి రమ్మంటుండు. జీతం అటూ ఇటూ ఒక్క తీరే. అమ్మేమో రెండూ వద్దంటుంది. గంతే కదా.

కంపెనీకే పో. కనీసం ఒక ఏడాది చెయ్. కానీ నువ్వు రాసిన కారణాలకు మాత్రం పోకు. ఏసీ క్యాబిన్ ఉంటదంట అన్నవ్. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ కంపల్సరీ అయింది నిజమే గని, కొత్త డ్రైవర్‌కు కొత్త బండి ఎవడిస్తడు? నీకిచ్చేది ఇంకొకడు ఇడిసిపెట్టి పోయిన బండి, దాంట్ల ఏసీ ఉంటే ఉంటది, ఉన్నా గ్యాస్ ఉండదు, సీటు ఒక పక్కకు కుంగి ఉంటది, డాష్‌బోర్డు మీద పాత డ్రైవర్ అంటించిన దేవుడి ఫోటో ఉంటది. ఆ ఫోటో మాత్రం పీకకు.

నా సంగతి చెప్త, అప్పుడు నా మాట ఎంతవరకు పట్టించుకోవాల్నో నీకే తెలుస్తది. మాది నకిరేకల్ పక్క. 2006ల క్లీనర్‌గా ఎక్కిన, తర్వాత పదేండ్లు సేట్ల దగ్గర పది టైర్ల బండి, మట్టపల్లి, మేళ్లచెర్వు ఫ్యాక్టరీల నుంచి సిమెంట్, సీజన్ల మిర్యాలగూడ మిల్లులకు వడ్లు. 2016 నుంచి 2022 దాక ఒక పెద్ద కంపెనీల 32 ఫీట్ల కంటైనర్ నడిపిన, ముంబై, పుణె, బెంగళూరు, నాగపూర్. ఇప్పుడు సొంత బండి, ఫైనాన్స్ బండి అనుకో. పదేండ్ల అనుభవంతోని పోయిన నన్నే ఆ కంపెనీల మొదటి ఏడాది మొత్తం తిప్పలు పెట్టింది. ఎందుకంటే నాకొచ్చింది లారీ నడుపుడు, వాళ్లకు కావల్సింది వేరే.

నీకు ఎవ్వరు చెప్పని ముచ్చట ముందే చెప్తున్న. కంపెనీల నీ పైసలు బండి నడిస్తే పోవు, బండి నిలబడితే పోతయ్. జీతం తక్కువ పెట్టి కిలోమీటర్‌కు ఇంత బత్తా అంటరు చూడు, కాయితం మీద చూస్తే మస్తు కనిపిస్తది, నెలకు ఇన్ని వేల కిలోమీటర్లు కొడితే ఇంత అని లెక్క ఏసి చూపిస్తరు. గోదాం గేటు బయట ఒక పొద్దంత కూసున్నవనుకో, ఆ పొద్దుకు కిలోమీటర్లు సున్న, బత్తా సున్న. నా మొదటి నెలల ముంబై పక్క భివండిల ఒక గోదాం ముంగట 31 గంటలు ఉన్న. టోకెన్ ఇచ్చిన్రు, పేరు పిలుస్తరన్నరు, బండి ఇడిసి పోవద్దన్నరు, బాత్రూం లోపటుంది కానీ డ్రైవర్లను లోపటికి రానియ్యరు. మిర్యాలగూడల వడ్ల లారీలు మిల్లు ముంగట రెండ్రోజులు లైన్ల ఉండుడు నాకు అలవాటే, కానీ ఆడ మనోళ్లే ఉంటరు, చాయ్ ఉంటది, సేటుకు ఫోన్ చేసి నాలుగు తిట్టొచ్చు. ఈడ ఎవర్ని తిడతవ్, ఫోన్ల రికార్డింగ్ మాట్లాడతది.

అందుకని సోమవారం పోయినంక జీతం ఎంత అని తర్వాత అడుగు, ముందుగాల హాల్టింగ్, అంటే బండి నిలబడ్డ టైంకు ఇచ్చే పైసలు, ఎంత అని అడుగు. గేటు కాడికి పోయిన టైం నుంచి ఎన్ని గంటలు దాటినంక లెక్క మొదలైతది, గంటకా రోజుకా, ఎవరు రాసిస్తే పాస్ చేస్తరు, అది జీతంతోని వస్తదా లేక మూడు నెలలకా. వాడు "అదంతా సిస్టంల ఆటోమేటిక్‌గ వస్తది" అన్నడనుకో, రాదని అర్థం. నేను నేర్చుకున్నదేందంటే గేటు కాడికి పోంగనే గేటు, బండి నంబర్ రెండూ కనబడేటట్టు ఒక ఫోటో, టోకెన్ ఫోటో, డాక్ మీద, అంటే సరుకు దించే అరుగు కాడ, పెట్టినప్పుడు ఒకటి, ఖాళీ అయినంక ఒకటి, అన్ని గ్రూపుల పడేసుడు. ఫోటోల టైం పడతది. రెండో ఏడాది నుంచి నా హాల్టింగ్ ఒక్క రూపాయి పోలే. పక్క బండ్ల వాళ్లు నన్ను ఫోటోగ్రాఫర్ అనేటోళ్లు, అంటే అన్నరు.

ఇగ రివర్స్. నువ్వు డీసీఎం నడిపిన అంటున్నవ్ కదా, మంచిదే, కానీ 32 ఫీట్ల డబ్బాను రెండు బండ్ల నడుమ డాక్‌కు ఆనిచ్చుడు వేరే విద్య. రోడ్డు మీద ఎవడైనా తోల్తడు, ఎన్కకు పోయేటప్పుడే ఎవడేందో తెలుస్తది. నా మూడో ట్రిప్పు, మేడ్చల్ పక్క ఒక గోదాం, రాత్రి పదిన్నర, లైటు ఒక్కటే ఉంది అది కూడ నా కండ్లల్లనే కొడుతుంది. వాచ్‌మన్ టార్చ్ ఊపుకుంట "రానీ, రానీ, రానీ" అంటుండు, నేను అద్దంల ఆయన టార్చే చూస్తున్న కానీ గోడ చూస్తలేను. "రానీ" అంటనే ఉన్నడు, ధన్ మని చప్పుడైంది. గోడకున్న వాన నీళ్ల పైపు, డబ్బా ఎడమ మూల రెండూ పోయినయ్. దిగి చూస్తే వాచ్‌మన్ లేడు. టార్చ్ గూడ లేదు. ఇప్పటిదాక దొరకలే ఆయన.

మూడు నెలలు జీతంల కోత పడ్డది నాకు, మొత్తం తొమ్మిది వేలు. అప్పుడు మా డిపోల ఒక ముసలాయన ఉండె, కర్నూలు పక్క మనిషి, ఆయన ఒక్కటే మాట చెప్పిండు, దిగి చూడు. రివర్స్ ముందు దిగు, బండి చుట్టు తిరుగు, పైన చూడు, కింద చూడు, ఎక్కి సగం పో, అనుమానమొస్తే మళ్లా దిగు. పది సార్లు దిగినా ఎవ్వడు జీతం కొయ్యడు. ఎనక హారన్ కొట్టెటోడు కొట్టుకోనీ. ఇంకోటి, వీలైనంత వరకు డ్రైవర్ దిక్కు, అంటే కుడి పక్కకే వంపు వచ్చేటట్టు పెట్టుకో, తల బయట పెడితే కనబడతది. ఎడమ దిక్కు వంపు అంటే గుడ్డిగా పోయినట్టే.

నిద్ర గురించి జర ఎక్కువ రాస్త, విసుగు పడకు. జహీరాబాద్ దాటినంక హుమ్నాబాద్, ఉమర్గా, నల్దుర్గ్, అట్ల షోలాపూర్ దాక ఆ 65 నంబర్ రోడ్డు రాత్రి మూడు నుంచి ఐదు నడుమ మనిషిని జోకొడతది. మొదటి ఏడాది చలికాలం, ఒకనాడు తెల్లారుగట్ల నాలుగైతుంది, రోడ్డు నడిమిట్ల తెల్లెద్దు నిలబడ్డది. పక్కాగ చూసిన, కొమ్ములు కూడ చూసిన. బ్రేక్ కొట్టిన, ఎద్దు లేదు. ఎద్దు లేనే లేదు తమ్మీ. ఎనక వచ్చే ట్యాంకర్ వాడు ఎడమ కెళ్లి తిట్టుకుంట పోయిండు. చేతులు వణికినయ్ నాకు, తర్వాత వచ్చిన బంకుల బండి పెట్టిన. ఐదు నిమిషాలు కాకముందే కంట్రోల్ రూం నుంచి ఫోన్, బండి ఎందుకాగింది అని. ఒక ఆడపిల్ల మాట్లాడుతుంది. నేను ఇగ ఉద్యోగం పోతే పోయిందని "నిద్రొస్తుందమ్మా, గంటన్నర పండుకుంట, రాసుకోండి" అన్న. ఆ పిల్ల "సరే సార్, రెస్ట్ హాల్ట్ అని పెడుతున్న" అని ఫోన్ పెట్టేసింది. అంతే. ఒక్క మాట అనలే.

పదేండ్ల సేట్ల నౌకరీల నన్ను సార్ అన్నోడు లేడు, పండుకో అన్నోడు అంతకన్నా లేడు. జీపీఎస్, క్యాబిన్‌ల కెమెరా, స్పీడ్ 80 దాటకుండ గవర్నర్, ఇవన్నీ చూసి కొత్త పిలగాండ్లు జైలు జైలు అంటరు. అంటే అను, కానీ ఆ జైలే నీకు సాక్ష్యం కూడ. 1961ల వచ్చిన మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టంల రోజుకు 8 గంటల పని, ఐదు గంటలు వరుసగ నడిపితే అర్ధగంట విశ్రాంతి ఇయ్యాలె అని ఉండె, 2025 నవంబర్‌ల దాని జాగల కొత్త లేబర్ కోడ్ వచ్చింది. లాంగ్ రూట్‌కు జర సడలింపు ఉండె. రోడ్డు మీద అది నడుస్తదా అంటే నేను నీకు అబద్ధం చెప్పను. కానీ సేటుతోని ఈ చట్టం ముచ్చట తీస్తే నవ్వుతడు, కంపెనీల మాత్రం నువ్వు "అలసిపోయిన" అని మెసేజ్ పెడితే అది ఆడ పడి ఉంటది, దాని మీదికెళ్లి నడుపు అనడానికి ఎవనికైనా భయమే. నోటితోని చెప్పకు, మెసేజ్ పెట్టు. ప్లానింగ్ చేసేటోడు కుర్చీల కూసుండి "ఏడు వందల కిలోమీటర్లే కదా అన్నా" అంటడు, వాడు షోలాపూర్ మ్యాపుల చూసిండు అంతే.

కాయితాల కాడ గూడ కొత్తోళ్లు మస్తు దెబ్బ తింటరు. నేను చేరినప్పుడు ప్రతి బార్డర్ కాడ చెక్‌పోస్టు, లైన్లు, 2017 జూలైల జీఎస్టీ వచ్చినంక అవి పోయినయ్, 2018 ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్లు, అంటే సరుకు తీస్కపోనీకి ఆన్‌లైన్ల తీసే కాయితం. అది ఎన్ని రోజులు చెల్లుతదంటే, ఇప్పుడు లెక్క 200 కిలోమీటర్లకు ఒక రోజు. శంషాబాద్ నుంచి భివండి ఏడు వందల పైన, అంటే నాలుగు రోజుల టైం, మస్తుంది అనిపిస్తది. బండి రోడ్డు మీద ఖరాబైందనుకో, టైం అట్లనే కరుగుతది. అయిపోయే ముందు గాని అయిపోయినంక గాని ఎనిమిది గంటల లోపల పెంచుకోవచ్చు, అది ఆఫీసోళ్లు చేస్తరు, కానీ గుర్తు చెయ్యాల్సింది నువ్వే. నాకు ఒకపాలి ఇంకో సంగతైంది. డిపోల బండి మార్చిన్రు, బిల్లుల బండి నంబర్ మార్చలే, నేను చూస్కోలే. కర్ణాటకల జీఎస్టీ స్క్వాడ్ ఆపింది, సరుకు సక్కగుంది, సీలు సక్కగుంది, నంబర్ పాత బండిది. ఒక రోజు, ఒక రాత్రి ఆఫీసు ముంగట. తప్పు వాళ్లదే గని రోడ్డు మీద ఉన్నది నేను. గేటు దాటకముందు మూడు చూస్కో, బిల్లుల బండి నంబర్, సీలు నంబర్, బిల్లు ఎప్పటిదాక ఉంది. డెలివరీ అయినంక ఎల్ఆర్ (లారీ రసీదు) కాపీ మీద స్టాంపు, సంతకం, షార్టేజీ రాస్తే ఎంత రాసిన్రో అక్కడనే ఫోటో. స్టాంపు లేని కాయితం తెస్తే ఆ ట్రిప్పు బత్తా ఆగుతది.

బండి సంగతి. నీ మేనమామ నేర్పిందే సగం వరకు పని చేస్తది, టైర్లను రాడ్‌తోని కొట్టి చూసుడు, జంట టైర్ల నడుమ రాయి ఇరికితే తీసుడు, పొద్దుగాల ఎయిర్ ట్యాంకుల నీళ్లు ఇడుసుడు, టైరు మార్చినంక యాభై నూరు కిలోమీటర్లకు మళ్లా నట్లు బిగిచ్చుడు. కొత్తది ఒకటుంది, 2020 నుంచి వచ్చే బీఎస్6 బండ్లల్ల డీజిల్ ట్యాంకు పక్కన చిన్న ట్యాంకు ఉంటది, నీలం మూత, దాంట్ల డీఈఎఫ్ పోస్తరు, పొగను శుభ్రం చేసే నీళ్లు, మనోళ్లు యూరియా అంటరు. అది అయిపోతే ఇంజన్ పవర్ పడిపోతది, బండి ఎడ్లబండి లెక్క పోతది. అది ఓర్చుకోవచ్చు. 2022ల నా దగ్గర నేర్చుకున్న పిలగాడు, మంచోడే, రాత్రి పూట ఫోన్ మాట్లాడుకుంట ఆ యూరియాను డీజిల్ ట్యాంకుల పోసిండు. పోసినంక తెలిసింది వానికి. అక్కడ ఆగి ఫోన్ చేస్తే ట్యాంకు కడిగితే పోయేది, వాడు భయపడి బండి స్టార్ట్ చేసిండు, ఏం కాదులే అని. పంపు, ఇంజెక్టర్లు అన్ని పోయినయ్, వాని ఉద్యోగం గూడ వాటెంబడే పోయింది. తప్పు జరిగితే చావి ముట్టకు, ఫోన్ చెయ్. కంపెనీల తప్పుకు కోత ఉంటది, దాచిన తప్పుకు గేటు చూపిస్తరు.

డీజిల్ అంటే గుర్తొచ్చింది, ధాబాల కాడ క్యాన్లు పట్టుకొని వస్తరు, పది లీటర్లు, ఇరవై లీటర్లు, క్యాష్ అంటరు. మైలేజ్ నీకు ముందే టార్గెట్ పెడతరు, నా బండి లీటర్‌కు నాలుగు, నాలుగుంబావు కిలోమీటర్లు ఇచ్చేది. ట్యాంకుల సెన్సార్ ఉంటది. సెన్సార్ లేకున్నా వద్దు. మైలేజ్ కోసం దిగుడుల న్యూట్రల్ చేసేటోళ్లు కూడ ఉన్నరు, మీ డిపోల కూడ ఎవడో ఒకడు నేర్పుతడు నీకు. ముంబై రూట్ ఇస్తే ఖండాలా ఘాట్ దిగాలె, ఆడ న్యూట్రల్ చేసినోడు బ్రేకు మీదనే బతకాలె, లైనర్లు కాలిన వాసన వచ్చేటప్పటికి బ్రేకు ఉండదు. ఏ గేర్ల ఎక్కుతదో గదే గేర్ల దించు, ఇంజన్‌తోనే బండి జోరు తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు వాడు. మనం నల్లగొండోళ్లం, చదును నేల మీద పెరిగినోళ్లం, ఘాట్ అంటే మనకు సినిమాలల్లనే. మొదటి సారి సీనియర్ లేకుండ దిగను అని చెప్పు, సిగ్గేం లేదు.

యాక్సిడెంట్ సంగతి అమ్మ అడిగింది అన్నవ్ కదా. 2024 జనవరిల లారీలన్ని బంద్ పెట్టినం, హైదరాబాద్‌ల బంకుల కాడ బండ్ల లైన్లు చూసే ఉంటవ్, కొత్త చట్టంల యాక్సిడెంట్ చేసి చెప్పకుండ పారిపోతే పదేండ్ల దాక శిక్ష అన్నందుకు. ఆ ఒక్క క్లాజ్ అప్పుడు ఆపిన్రు. చట్టం ఎట్లున్నా నేను చెప్పేది ఒక్కటే, ఏమన్నయితే 112కు ఫోన్ చెయ్, దెబ్బ తాకినోళ్లను దవాఖానకు పంపు, జనం కొడతరు అనిపిస్తే దగ్గరున్న స్టేషన్‌కు పోయి కూసో. నువ్వు ఫోన్ చేసిన టైం నీ ఫోన్‌ల ఉంటది. హైవే మీద బండి ఆగిపోతే 1033. నిజం చెప్పాల్నంటే ముంబై రోడ్డు కన్న మన రోడ్డే నన్ను ఎక్కువ భయపెట్టింది. చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాక డివైడర్ సందుల కెళ్లి బైకు ఎప్పుడు దూకుతదో తెల్వది, పొద్దుమూకి ఎనక లైటు లేని ట్రాక్టర్, కోతల టైంల లోపలి రోడ్ల మీద సగం దాక వడ్లు ఆరబోసి చుట్టు రాళ్లు పెడతరు. సంక్రాంతికి రెండు రోజుల ముందు పంతంగి టోల్ దిక్కు లోడ్ ఇస్తే ఎట్లన్న తప్పించుకో, కార్ల నడుమ ఇరుకుతవ్.

సిమెంట్ లారీ ఎందుకు వద్దంటున్ననో గూడ చెప్త, ఆ సేటు మంచోడే కావచ్చు. రాత్రి ఇంటికి రావొచ్చు, అమ్మ చేతి బువ్వ తినొచ్చు, అది చిన్న సంగతేం కాదు, కంపెనీల నెలకు రెండు మూడు రోజులు ఇంటికొస్తే గొప్ప. కానీ పది టైర్ల బండికి 2018ల పెంచినంక గూడ మొత్తం బరువు 28.5 టన్నులే, సేటు దానికే ఆగుతడా లేదా ముందే కనుక్కో. ఓవర్‌లోడ్‌కు 2019 చట్టంల 20 వేలు, పైన టన్నుకు ఇంకో 2 వేలు జుర్మానా. కట్టేది సేటే అంటరు, లైసెన్స్ మాత్రం నీది. ఒక ఏడాది కంపెనీల చేసి, సక్కటి రికార్డుతోని వస్తే అదే సేటు నీకు ఇప్పుడు చెప్పిన దానికన్న ఎక్కువిస్తడు, నేను చూసిన.

పీఎఫ్ కోస్తమంటే కొయ్యనియ్యి, యూఏఎన్, అంటే నీ పీఎఫ్ నంబర్, మొదటి నెలలనే తీసుకో, ఫోన్‌ల నువ్వే చూస్కో పడుతుందా లేదా. జీతం 21 వేల లోపుంటే ఈఎస్ఐ, అంటే దవాఖాన బీమా, కూడ ఉండాలె, కార్డు అడుగు. లారీ డ్రైవర్‌కు పిల్లనెవరిస్తరు అని కింద నవ్వుకుంట రాసినవ్, అది నవ్వులాట కాదని నాకు తెలుసు. నాకు ఇచ్చిన్రు, మా మామ కూడ డ్రైవరే.

సోమవారం పోయేటప్పుడు లైసెన్స్, ఆధార్ ఒరిజినల్స్ చూపియ్, చేతికియ్యకు, జిరాక్సులే ఇయ్యి. కొన్ని చోట్ల ఒరిజినల్ లైసెన్స్ లోపల పెట్టుకుంటరు, ఇగ నువ్వు యాడికి పోలేవ్. ట్రైనింగ్ రోజులకు జీతముందా, ఎన్ని రోజులు సీనియర్ పక్కన కూసోవాలె, మధ్యల మానేస్తే ట్రైనింగ్ పైసలు కట్టాల్నా, ఈ మూడు సంతకానికి ముందే అడుగు. టెస్ట్ పెడితే రివర్సే పెడతరు. దిగి చూడు.